పావలా వడ్డీ బిల్డింగు

(హనుమకొండలో రిటైర్డ్ ఉద్యోగుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం ఇటు తిప్పండి. ఫ్యాన్ల చప్పుడులో వెనకవాళ్ళకు వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

మనలో ఎవరికైనా గ్రాట్యుటీ డబ్బులు చేతికొచ్చాయంటే నెల తిరక్కుండానే నాకు ఫోన్ వస్తుంది. "సార్, బాలసముద్రంలో ఒక పాత బిల్డింగు అమ్ముతున్నారు. రెండు వందల గజాలు, ఆరు పోర్షన్లు. కిరాయిలు యాభై వేలు దాటుతున్నాయట. తీసుకోమంటారా?" నేను అడిగేది ఒకటే: "ఆ యాభై వేల సంగతి ఎవరు చెప్పారు?" అవతల కాసేపు మాట ఉండదు. అమ్మేవాడే చెప్పి ఉంటాడు, లేదంటే బ్రోకర్.

మన దగ్గర పెట్టుబడి అంటే ప్లాటు. కొంటాం, చుట్టూ కడీలు పాతుతాం, మరిచిపోతాం. మామునూరు ఎయిర్‌పోర్టు అనో, రింగురోడ్డు అనో ఎప్పుడో రేటు పెరుగుతుంది, అమ్ముకుంటాం. పాత బిల్డింగును కూడా అదే అలవాటుతో కొంటాం. కానీ అది దుకాణం లాంటిది. నడిపితేనే నడుస్తుంది. సరుకు ఏమిటో, ఖర్చు ఎంతో తెలియకుండా ఎవరూ దుకాణం కొనరు కదా.

నేను కొన్నాను. 2012లో. జీ ప్లస్ టూ, అంటే కింది అంతస్తు, పైన ఇంకో రెండు, ఆరు పోర్షన్లు, అప్పటికే ఇరవై ఏళ్ళు దాటిన బిల్డింగు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సర్కారు బిల్డింగులు కట్టించినవాణ్ణి, నాకు ఇంకొకరు చెప్పేదేముంది అనుకున్నాను. ఏప్రిల్ నెలలో చూశాను. కొత్తగా రంగు వేశారు, మెట్ల మీద మొజాయిక్ కడిగి తళతళలాడించారు. కింది పోర్షన్ గుమ్మంలో ఒక ముసలమ్మ చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. నేను గోడలు తట్టి చూస్తుంటే, "బిడ్డా, గిప్పుడేం చూస్తవు, వానకాలం రా" అన్నది. నవ్వి ఊరుకున్నాను.

జూలైలో రెండో ముసురుకే అర్థమైంది. ఆ గల్లీలో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసుకుంటూ పోయారు. పాతది తవ్వకుండా వేసిన ప్రతిసారీ గల్లీ ఎత్తు పెరిగింది. ఒకప్పుడు ఆ ఇంట్లోకి మూడు మెట్లు ఎక్కి వెళ్ళేవారట. నేను కొనేనాటికి గేటు దగ్గర ఒక మెట్టు దిగాలి. ఏప్రిల్‌లో ఆ మెట్టు దిగాను కూడా, కాలికి తెలిసింది, బుర్రకు తట్టలేదు. వానకు గల్లీ నీళ్ళన్నీ గేటు కింది నుంచి వచ్చి సంపులో పడ్డాయి. ఆరు కుటుంబాలు వాడే సంపు. మొత్తం తోడించి, కడిగించి, సంపు గోడ రెండడుగులు లేపించి, గేటు దగ్గర గట్టు కట్టించేసరికి మూడు నెలల కిరాయి పోయింది. ముసలమ్మ మళ్ళీ ఏమీ అనలేదు. ఆమె అలా ఊరుకోవడమే నాకు ఎక్కువ అనిపించింది.

అందుకే చెప్తున్నాను, గుమ్మం ఎత్తు చూడండి. చుట్టుపక్కల ఇళ్ళ గోడలకు నీటి చారలు ఎక్కడిదాకా ఉన్నాయో చూడండి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో నయీంనగర్ నాలా వైపు, బొందివాగు వైపు ఎంతెంత నీళ్ళొచ్చాయో మనమందరం చూసినవాళ్ళమే. ఆ రెండు వానల్లో ఈ ఇంట్లోకి నీళ్ళొచ్చాయా అని అమ్మేవాణ్ణి అడగొద్దు. మూల మీద కిరాణా కొట్టాయన్ని అడగండి. ఆయనకు ఈ బేరంలో కమీషన్ లేదు.

ఇక స్లాబు. ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే పాత బిల్డింగులో మీ డబ్బు మింగేది ఇదే. కాంక్రీటులోపల ఇనుప రాడు ఉంటుంది. ఏళ్ళ తరబడి నెమ్ము తగిలితే రాడు తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అంటే రాడు లోపలే ఉబ్బుతుంది. ఉబ్బి కింది కాంక్రీటును నెడుతుంది. మొదట రాడు వెంబడి గీత గీసినట్టు సన్నటి పగులు వస్తుంది, తర్వాత అక్కడ డొల్ల పడుతుంది, ఆ తర్వాత పెచ్చు ఊడి కింద పడుతుంది. పెచ్చు ఊడాక రాడు కనపడుతుంది కాబట్టి ఎవరికైనా తెలుస్తుంది. కొనేవాడు పట్టుకోవాల్సింది అంతకు ముందున్న డొల్లనే. చిన్న సుత్తి తీసుకుని బాత్రూమ్ కింది స్లాబును, సజ్జాల అడుగు భాగాన్ని, పైన వాటర్ ట్యాంకు పెట్టిన చోట దాని కింది గది కప్పును తట్టుకుంటూ పోండి. గట్టి కాంక్రీటు ఠంగుమంటుంది. డొల్ల ఉన్నచోట పగిలిన కుండ మీద కొట్టినట్టు ఉంటుంది. మీ చెవికే తెలుస్తుంది, ఇంజనీరింగ్ చదవక్కర్లేదు.

ఒక్క గదికే కొత్తగా రంగు వేసినా, పాత బిల్డింగులో ఒక్క బాత్రూమ్ బయటే ఫాల్స్ సీలింగ్ పెట్టినా అనుమానించండి. నేను కొన్న బిల్డింగులో రెండో అంతస్తు బాత్రూమ్ నీళ్ళు మొదటి అంతస్తు వంటింట్లో కారేవి. వాటర్‌ప్రూఫింగ్ చేసే ఒకాయన రెండుసార్లు టైల్స్ తీసి మందు పూశాడు, రెండుసార్లూ డబ్బు తీసుకున్నాడు. కారడం ఆగలేదు. చివరికి ఒక ముసలి ప్లంబర్ వచ్చి, బకెట్ నీళ్ళు పోసి, నేల మీద చెవి పెట్టి విని, "సార్, నాని ట్రాపు దగ్గర అతుకు పోయింది" అన్నాడు, అంటే బాత్రూమ్ నేలలో నీళ్ళు పోయే జాలీ కింద. ఒక్క పూట పని. డబ్బు పోయినందుకు కాదు, నేనూ ఇంజనీరునే కదా అన్నందుకు ఎక్కువ బాధ.

2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు వైపు భూకంపం వచ్చింది గుర్తుందా? 5.3 తీవ్రత. మనకూ మంచాలు కదిలాయి. ఆ రోజు ఎనిమిది గంటలకల్లా మూడు పోర్షన్ల నుంచి ఫోన్లు, "గోడ పగిలింది సార్" అని. వెళ్ళి చూస్తే పాత పగుళ్ళే, అప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు. గోడకు, పిల్లర్‌కు మధ్య నిలువు గీత అయితే పెద్దగా భయం లేదు. బీముకు ఏటవాలు పగులు ఉన్నా, పిల్లర్‌కు నిలువునా పగులు ఉన్నా బయానా ఇవ్వకముందే స్ట్రక్చరల్ ఇంజనీరును తీసుకెళ్ళండి. కాంక్రీటు గట్టితనం చూసే హ్యామర్ పరీక్షలు ఉన్నాయి. కోటి రూపాయల బేరానికి ఆ ఫీజు ఒక లెక్క కాదు.

కాగితాల గురించి తొందరగా చెప్తాను, లాయర్లు నాకంటే బాగా చెప్తారు. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ఈసీని రిజిస్ట్రేషన్ సైట్‌లో 1983 నుంచి తీయొచ్చు, పూర్తిగా తీయండి. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి ఒకరి నుంచి ఒకరికి వచ్చిన పాత కాగితాలు, ఒక్కటి తగ్గినా ఆగండి. తండ్రి పోయి కొడుకులు అమ్ముతుంటే అక్కాచెల్లెళ్ళ సంతకాలు తప్పనిసరి. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు వాటా ఇస్తూ చట్టం చేసింది, 2005లో దేశమంతా వచ్చింది. అయినా "చెల్లె ఏమీ అనదు సార్" అనే అన్నలు ఇంకా ఉన్నారు. ఆ చెల్లెతోనే సంతకం పెట్టించమనండి. అమ్మేవాళ్ళు అమెరికాలో ఉంటే టీడీఎస్, అంటే అమ్మేవాడికిచ్చే డబ్బులోంచి మీరు కోసి సర్కారుకు కట్టాల్సిన పన్ను, దాని సంగతి ముందే ఆడిటర్‌ని అడగండి. ఇక్కడి వాళ్ళ దగ్గర కొంటే యాభై లక్షల నుంచి ఒక శాతం కోసుకుని కడితే సరిపోతుంది. ఎన్నారై దగ్గరైతే అంతకంటే చాలా ఎక్కువ కోయాలి. కోయకపోతే ఆ పన్ను మీ మెడకు చుట్టుకుంటుంది.

పర్మిషన్ ప్లాన్ చేతిలో పట్టుకుని బిల్డింగు ముందు నిలబడి అంతస్తులు లెక్కపెట్టండి. ప్లాన్‌లో ఒకటి, ఎదురుగా రెండు, పైన రేకుల గది. మన ఊళ్ళో ఇది మామూలు. "బీఆర్ఎస్‌కు అప్లై చేశాం సార్" అంటారు. పార్టీ సంగతి కాదు నేను చెప్పేది, 2015 నాటి బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్. అప్లై చేయడం వేరు, ఆర్డర్ చేతికి రావడం వేరు. బ్యాంకు వాల్యుయర్ ప్లాన్‌లో లేని అంతస్తుకు విలువ కట్టడు. మీరూ కట్టకండి.

ఇప్పుడు లెక్క. ఉదాహరణకు గుండ్రటి అంకెలు తీసుకుందాం. ధర కోటి ఇరవై లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అంటే తొమ్మిది లక్షలు. కొన్న వెంటనే వైరింగు, పైపులు, స్లాబు మరమ్మతు కలిపి ఆరు లక్షలు. మొత్తం కోటి ముప్పై ఐదు లక్షలు. ఆరు పోర్షన్ల కిరాయి నెలకు 52,000. అందరూ దాన్ని పన్నెండుతో గుణిస్తారు. మీరు పదితో గుణించండి. ఒక నెల ఖాళీలకు, ఒక నెల రిపేర్లకు పోతుంది. ఆషాఢంలో ఇల్లు మారేవాళ్ళు ఉండరు, జూన్‌లో ఖాళీ అయితే శ్రావణం దాకా టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది. పది నెలలకు 5,20,000. అందులో ఇంటి పన్ను, మోటారు కరెంటు, మెట్లు ఊడ్చే మనిషి, సంపు కడగడం, సెప్టిక్ ట్యాంకు, అన్నీ కలిపి 90,000 అనుకోండి. మిగిలేది 4,30,000.

దాన్ని మన వడ్డీ లెక్కలోకి మార్చండి. ఏడాదికి నూటికి మూడు రూపాయల ఇరవై పైసలు కూడా లేదు. నెలకు నూటికి పావలా పైన ఒకటి రెండు పైసలు. మహిళా సంఘాలకు సర్కారు ఇచ్చిన పావలా వడ్డీ మీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ మీరే కిరాయిదారులకు పావలా వడ్డీకి ఇస్తున్నారన్నమాట. తొమ్మిది శాతానికి లోను తెస్తే బ్యాంకు మీ దగ్గర తీసుకునేది ముప్పావలా. పావలా సంపాదించి ముప్పావలా కడతారా? మధ్యలో అర్ధరూపాయి ఎవరు పెట్టాలి? పెన్షన్.

భూమి రేటు పెరుగుతుంది కదా అంటారు. పెరగొచ్చు. కానీ కింద ఉన్న రెండు వందల గజాల కోసమే కొంటుంటే భూమి ధర ఇవ్వండి, పైన ఉన్న ముప్పై ఏళ్ళ కాంక్రీటుకు కొత్త ధర ఇవ్వకండి. అదే బిల్డింగు తొంభై లక్షలకు దొరికితే మీ చేతికి ముప్పై ఐదు పైసలు వస్తుంది. నా మట్టుకు నేను అంతకంటే తక్కువకు కదలను. మీరు ఇరవైకైనా సరే అంటే మీ ఇష్టం, కానీ అంకె తెలిసి అనండి.

ఆ 52,000 నిజమేనా అన్నది మిగిలింది. నేను కొన్నప్పుడు రెండు పోర్షన్లలో ఉన్నది అమ్మినాయన బంధువులు. కిరాయి ఎంతంటే ఆయన చెప్పిన అంకే వాళ్ళూ చెప్పారు. రిజిస్ట్రేషన్ అయిన నెలకే ఇద్దరూ ఖాళీ చేశారు. తర్వాత వచ్చినవాళ్ళు అందులో మూడింట రెండొంతులకు మించి ఇవ్వలేదు. ఇప్పుడైతే సులువు. కిరాయిదారును మర్యాదగా అడిగి ఫోన్‌పేలో ఆరు నెలల కిరాయి చూపించమనండి. వాళ్ళు ఇచ్చిన అడ్వాన్సులు ఎవరి దగ్గర ఉన్నాయో కూడా తేల్చుకోండి. అమ్మినాయన జేబులో వేసుకుని పోతే, ఖాళీ చేసే రోజు వాళ్ళు అడిగేది మిమ్మల్నే.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి మన మిత్రుడు ఒకాయన కోసం కిషన్‌పురలో ఒక బిల్డింగు చూడ్డానికి వెళ్తున్నాను. వచ్చేవాళ్ళు రావచ్చు. టార్చి లైటు, చిన్న సుత్తి తెచ్చుకోండి. నిన్న రాత్రి వాన పడింది, వారం లోపు ఇంకోటి పడితే ఇంకా మంచిది.