ఎపిసోడ్ 31: బోరు నీళ్లు, జెల్ గుళికలు

సుధ: నమస్తే, తిరుపతి నుంచి సుధ, కిరణ్. ఈరోజు హాఫ్‌మైస్టర్ వరస గురించి. 1888లో ప్రాగ్‌లో ఫ్రాంజ్ హాఫ్‌మైస్టర్ కోడిగుడ్డు తెల్లసొనతో ఒక పని చేశాడు. ఏ ఉప్పు ఎంత వేస్తే ప్రొటీన్ విరిగి బయటికొస్తుందో చూసి, ఉప్పులన్నిటినీ వరసలో పెట్టాడు...

కిరణ్: అక్కా, ముందు బోరు నీళ్ల సంగతి.

సుధ: మళ్లీ ఇంట్లో నీళ్ల గోలేనా?

కిరణ్: కాదక్కా, తోట. దామలచెరువు దగ్గర నాన్న మామిడి అంట్లు పెట్టారు కదా. పాదుల్లో నీళ్లు పీల్చి పట్టి ఉంచే జెల్ గుళికలు వేశాం. బరువుకు 400 రెట్లు నీళ్లు పడతాయని షాపులో చెప్పారు. ఇంట్లో ఒక గ్రాము బోరు నీళ్లలో నానబెట్టి తూచాను. 100 గ్రాములు కూడా రాలేదు. నకిలీ సరుకు.

సుధ: బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి చూశావా?

కిరణ్: తోటకి బ్యాటరీ నీళ్లు పోస్తామా?

సుధ: పొయ్యం. కానీ ఆ 400 అలాంటి నీళ్ల లెక్కే. అది పొటాషియం పాలీఅక్రిలేట్, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులు. గొలుసు పొడుగునా మైనస్ ఛార్జీలు, ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటాయి. వాటి జతగా ఉన్న పొటాషియం అయాన్లు, అంటే ప్లస్ ఛార్జీ ఉన్న కణాలు, జెల్ వదిలి పోలేవు. లోపల అయాన్లు ఎక్కువ, బయట తక్కువ, అందుకని నీళ్లు లోపలికి దూరతాయి. బయటి నీళ్లలోనే ఉప్పుంటే ఆ తేడా తగ్గిపోతుంది. డైపర్‌లోదీ ఇలాంటి జెల్లే, దాన్ని చించి ఉబ్బిన జెల్ మీద చెంచాడు ఉప్పు చల్లు, కాసేపటికే నీళ్లు కారిపోతాయి.

కిరణ్: అట్లయితే వానకి ఉప్పు కొట్టుకుపోయి మళ్లీ ఉబ్బాల కదా? వాన పడింది, ఉబ్బలేదు. నకిలీ కాకపోతే ఏంది?

సుధ: మామూలు ఉప్పైతే ఉబ్బేదే. మీ నీళ్లు కాచిన గిన్నెలో తెల్లగా పొర కడుతుందా?

కిరణ్: గీకినా పోదు.

సుధ: కాల్షియం. దానికి రెండు ఛార్జీలు కాబట్టి రెండు గొలుసుల్ని కలిపి పట్టేసుకుంటుంది. వాన నీళ్లతో ఆ పట్టు వదలదు.

కిరణ్: మరి ఏ నీళ్లలో కొలిచారో ప్యాకెట్ మీద రాయాల కదక్కా! ఆ 400 నమ్మి నాన్న మూడు రోజులకోసారి పెట్టే తడిని వారానికి మార్చారు. పదకొండు అంట్లు ఎండిపోయాయి.

సుధ: ...నాకు చెప్పలేదే.

కిరణ్: చెప్పబుద్ధి కాలేదు.

సుధ: రాయాల్సిందే, నువ్వన్నది నిజం. ఇక్కడ ఎవరి బోరు చూసినా ఉప్పు నీళ్లే.

కిరణ్: సరే, నీ వరస చెప్పు.

సుధ: గబగబా చెప్పేస్తా. పీనైపామ్ అని ఒక పాలిమర్, అదీ గొలుసు అణువే, కానీ దీనికి ఛార్జీ లేదు. చల్లటి నీళ్లలో కరుగుతుంది, 32 డిగ్రీలు దాటితే నీళ్ల నుంచి విడిపోయి తెల్లగా మారుతుంది. సల్ఫేట్ ఉప్పు కలిపితే ఇంకా తక్కువ వేడికే విడిపోతుంది. క్లోరైడ్ కూడా దించుతుంది గానీ అంతగా కాదు. థయోసయనేట్ అనే ఇంకో రకం ఉప్పు కొంచెం కలిపితే ఆ వేడి పైకి జరుగుతుంది. ప్రొటీన్ కాకపోయినా దాదాపు అదే వరస!

కిరణ్: మా బోరులో సల్ఫేట్ ఉందా?

సుధ: టెస్ట్ చేయించారా?

కిరణ్: కాగితం నాన్న బీరువాలో ఉంది. ఫొటో పంపమంటా, ఉండు... నాన్నా, నేనే. ఆ బోరు కాగితం ఉంది చూడు...