బొగ్గు మీద వేసిన సెస్సు ఎటు పోయింది?

[తెరపై: రైల్వే గేటు, బొగ్గు గూడ్సు]

గేటు పడ్డప్పుడు బొగ్గు గూడ్సు పెట్టెలు లెక్కపెట్టినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. మామూలుగా 58 దాకా ఉంటాయి, మొత్తం కలిపి దాదాపు 4 వేల టన్నులు. 2016లో అలాంటి ఒక్క గూడ్సు మీద కేంద్రానికి 16 లక్షల రూపాయల సెస్సు, అంటే ఒక పని పేరు చెప్పి వేసే ప్రత్యేక పన్ను వచ్చేది, టన్నుకు 400 చొప్పున. దాని పేరు స్వచ్ఛ పర్యావరణ సెస్సు.

ఇది 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలైంది. బొగ్గు మీద వచ్చిన డబ్బుతో జాతీయ స్వచ్ఛ ఇంధన నిధి పెట్టి, సోలార్, గాలి మరల్లాంటి వాటికి ఖర్చు పెడతామన్నారు. నాకైతే ఇప్పటికీ అది మంచి ఆలోచనే అనిపిస్తుంది.

మరి కట్టిందెవరు? మనమే. మీ కరెంటు బిల్లు తీసి చూడండి, ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం అన్నీ విడివిడిగా ఉంటాయి కానీ ఈ సెస్సు మాత్రం ఏ బిల్లులోనూ విడిగా కనబడలేదు, ఎందుకంటే అది బొగ్గు ధరలో కలిసిపోయి, ఆ ధర యూనిట్ రేటులో కలిసిపోయి మన దగ్గరికి వచ్చింది. సెస్సు టన్నుకు 400 ఉన్నప్పుడు బొగ్గుతో తయారైన యూనిట్‌కి సుమారు 25 పైసలు పడింది.

[తెరపై: 86,440 – 29,645 – 15,911]

ఇప్పుడు అసలు సంగతి. కేంద్ర ఆర్థిక శాఖ లెక్కల ప్రకారమే 2010-11 నుంచి 2017-18 దాకా వసూలైంది 86,440 కోట్లు. నిధిలోకి వెళ్లింది 29,645 కోట్లు. ప్రాజెక్టులకు అందింది 15,911 కోట్లు. అంటే మనం కట్టిన ప్రతి వందలో 18 రూపాయలు!

ఇలా ఎలా జరిగిందంటే, సెస్సు నేరుగా ఆ నిధిలో పడదు. ముందు కేంద్రం ఆదాయమంతా చేరే ఖాతా, అంటే కేంద్ర సంచిత నిధిలో జమవుతుంది, అక్కడి నుంచి బడ్జెట్‌లో ఏటా ఎంత కేటాయిస్తే అంతే బయటికి వస్తుంది. మామూలు పన్నుల్లో ఉన్నట్టు సెస్సులో రాష్ట్రాలకు వాటా కూడా లేదు. స్వచ్ఛ ఇంధన నిధికి తక్కువ బదిలీ చేస్తున్నారని ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే కాగ్ తప్పుపట్టింది కూడా. 2017లో జీఎస్టీ వచ్చాక అదే 400 రూపాయలు, జీఎస్టీ వల్ల రాష్ట్రాలు పోగొట్టుకున్న ఆదాయాన్ని పూడ్చే పరిహార సెస్సుగా మారింది, 2025 సెప్టెంబరులో అదీ తీసేసి బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. స్వచ్ఛ ఇంధనం అన్న పేరు ఎప్పుడో పోయింది.

పన్ను వేశారని కాదు నా కోపం. ఒక పని పేరు చెప్పి తీసుకున్నప్పుడు ఎంత వచ్చింది, ఎంత ఇచ్చాం, ఏ ప్రాజెక్టుకి ఇచ్చాం అని ఏటా ఒక్క పట్టిక మన ముందు పెట్టాలి కదా.

[తెరపై: డాబా మీద సోలార్ పలకలు]

నిధికి చేరని డబ్బు 56,795 కోట్లు. ఇవాళ సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల పలకలకు కేంద్రం ఇచ్చే సబ్సిడీ 78 వేలు. ఆ లెక్కన 72 లక్షల డాబాలకు సరిపోయేది.