హరికేన్ తీరం తాకదంటే సర్ఫర్లకి పండగెందుకు?

"హరికేన్ తీరం దాటదు, సముద్రంలోనే మలుపు తిరిగి వెళ్లిపోతుంది" అని చెప్పగానే ఉత్తర కరోలినాలో మామూలు జనం హమ్మయ్య అనుకుంటారు, బోర్డు మీద నిలబడి అలల మీద జారే సర్ఫర్లు మాత్రం పెద్ద అలలొస్తాయని ఆఫీసుకి సెలవు పెట్టేసి బోర్డుకి వ్యాక్స్ రుద్దడం మొదలుపెడతారు. తుఫాను ఒకటే, చూసే లెక్కలే వేరు.

మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ వాళ్లకి ముఖ్యం గాలి ఎంత, ఎటు పోతోంది, ఉప్పెన ఎంత ఎత్తుకి లేస్తుంది అనేవే. మనం వినే కేటగిరీ 1 నుంచి 5 ఉందే, అది ఒట్టి గాలి వేగం లెక్క, అందులో అలల ఊసే లేదు! సర్ఫర్ చూసేది పీరియడ్, అంటే ఒక అల వెనక ఇంకో అల రావడానికి పట్టే సెకన్లు. సముద్రంలో తేలుతూ అలల్ని కొలిచే బోయ్ అనే పరికరం రీడింగ్‌లో అది 16 సెకన్లు కనిపించిందంటే ఎక్కడో దూరంగా పెద్ద తుఫానుందని వాళ్లకి అర్థమైపోతుంది, ఎందుకంటే అలాంటి స్వెల్, అంటే దూరపు తుఫాను పుట్టించిన అలల వరస, లోతైన నీళ్లలో గంటకి 45 కిలోమీటర్ల దాకా పరిగెత్తి, చాలాసార్లు తుఫాను కంటే రోజుల ముందే ఒడ్డుకి చేరుతుంది. పైన ఎండ కాస్తుంటుంది, ఒక్క మబ్బు కూడా ఉండదు.

ఇక రిప్ కరెంట్. ఒడ్డు నుంచి లోపలికి లాగేసే ఈ ప్రవాహం గురించే వాతావరణ శాఖ వాళ్లు మొత్తుకుంటారు, సర్ఫర్లేమో చేతులు నొప్పి పుట్టకుండా లోపలికి వెళ్లడానికి అదే ఎక్కుతారు. ఫ్రీ లిఫ్ట్ అన్నమాట.

2019లో లోరెంజో అనే హరికేన్ అట్లాంటిక్ మధ్యలో కేటగిరీ 5 అయింది, అమెరికా దరిదాపులకే రాలేదు, అయినా దాని అలల వల్ల అక్కడి తీరంలో 8 మంది చనిపోయారు. హెచ్చరికలు ఇవ్వలేదని కాదు, ఇచ్చారు. కానీ జనం మ్యాప్ చూసి, మన మీదికి రావట్లేదు కదా అని బీచ్‌కి బయల్దేరతారు. అందుకే నన్నడిగితే, తుఫాను దూరంగా ఉన్నప్పుడు బీచ్‌కి వెళ్లేవాళ్లకి కేటగిరీ కంటే సర్ఫర్ చూసే ఆ సెకన్లే ఎక్కువ పనికొస్తాయి.

అలాగని నీళ్లు ఎలా ఉన్నాయని సర్ఫర్‌ని అడక్కండి, సూపర్ అంటాడు, కానీ అది బోర్డు ఉండి ఏళ్ల తరబడి ఈది అలవాటైనవాడి మాట. రాలీ నగరం నుంచి వీకెండ్‌కి పిల్లలతో వచ్చే మన తెలుగువాళ్లు అడగాల్సింది లైఫ్‌గార్డ్‌ని. ఎర్ర జెండా ఎగురుతుంటే మోకాలి లోతుకి కూడా దిగొద్దు.