క్యాన్సర్ రసాయనాల పరీక్షకు కోతులు కావాలా?
(చర్చా కార్యక్రమం పాఠం)

యాంకర్: నమస్కారం. మందుల పరీక్షలలో జంతువులకు బదులుగా చిప్‌పై పెంచిన మానవ కణజాలాన్ని, కంప్యూటర్ నమూనాలను కూడా వాడవచ్చని కేంద్రం 2023లో నిబంధనలను సవరించింది. యాంటీబాడీ మందులకు జంతు పరీక్షలను దశలవారీగా తగ్గిస్తామని 2025 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ప్రకటించింది. కోతిని ఆంజనేయస్వామిగా కొలిచే దేశంలో, ఆ కోతికే క్యాన్సర్ తెచ్చే రసాయనం తినిపించడం న్యాయమేనా? చెప్పండి ఆచార్యులుగారూ.

విషశాస్త్ర ఆచార్యులు: న్యాయం సంగతి తరువాత చూద్దామండి, ముందు అవసరం సంగతి చెప్పనివ్వండి. వేరుశనగ పిండిని పిల్లలకు బలమైన ఆహారంగా పెట్టాలని ఆలోచిస్తున్న రోజుల్లోనే, బూజు పట్టిన గింజలలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుందని తేలింది. నేటి మన తార్నాక జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దానిని కోతిపిల్లలకు తినిపించి, కాలేయం దెబ్బతింటున్నదని 1964లో ప్రకటించారు. రీసస్ అనే జాతి కోతిలో కాలేయ క్యాన్సర్ వచ్చినట్లు 1972లో అక్కడివారే నివేదించారు.

జంతు సంక్షేమ కార్యకర్త: ఎలుకలలో అది అప్పటికే తేలింది కదండీ, మరి...

ఆచార్యులు (అడ్డుతగులుతూ): ఎలుకలో తేలింది, చిట్టెలుకలో తేలలేదు! ఎలుకకు కొద్ది మోతాదుకే క్యాన్సర్ తెచ్చే అఫ్లటాక్సిన్‌ను పెరిగిన చిట్టెలుక చాలావరకు తట్టుకుంటుంది. మనిషి ఏ పక్కన ఉంటాడో ఎలా తెలుస్తుంది? అందుకే కోతి కావలసి వచ్చింది.

కార్యకర్త: నా వాదన కూడా అదే. ఎలుక మాట చిట్టెలుకకే వర్తించనప్పుడు మనిషికి వర్తిస్తుందని ఎలా నమ్మాలి? ఎలుకల మూత్రాశయంలో కణుతులు చూసి చక్కెరకు బదులు వాడే సాకరిన్‌ను 1977లో అమెరికాలో నిషేధించాలన్నారు. అది ఎలుకల మూత్రం తీరు వల్ల వచ్చిన సమస్యేనని తరువాత తేలి, 2000లో దాని ప్యాకెట్ల మీది హెచ్చరికను తొలగించారు.

ఆచార్యులు: మీరే నాకు సాక్ష్యం చెబుతున్నారమ్మా. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 20 కోతులకు 24 ఏళ్ల వరకు సాకరిన్ ఇచ్చి, మూత్రాశయానికి హాని లేదని తేల్చింది.

కార్యకర్త: వారానికి 5 రోజుల చొప్పున 24 ఏళ్లండీ! ఒక ప్రాణి బతుకంతా బోనులోనే తెల్లవారితే...

[ఇక్కడ ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. స్పష్టంగా వినిపించినవి ఆచార్యులుగారి మాటలే.]

ఆచార్యులు: నేను మళ్లీ చెబుతున్నాను, ఎలుక వేరు, చిట్టెలుక వేరు.

యాంకర్: మరి ఆంజనేయస్వామి మాటేమిటి? రైతు ప్రతినిధిగారు చెప్పాలి.

రైతు ప్రతినిధి: మా ఊళ్లో కోతులు వేరుశనగ చేలను పీకి పారేస్తున్నాయి, కొందరైతే కూరగాయలు వేయడమే మానేశారు. ప్రయోగశాల కోతుల గురించి ఇంతసేపు మాట్లాడుతున్నారు గానీ, మా చేను గురించి అడిగేవారే లేరు.

యాంకర్: అయినా దేవుడని కొట్టలేకపోతున్నారు, అంతే కదా?

కార్యకర్త: భక్తి చుట్టూనే తిప్పకండి. 1978లో మన ప్రభుత్వం రీసస్ కోతుల ఎగుమతిని నిలిపివేసింది భక్తితో కాదు. వాటిని అమెరికా సైనిక రేడియేషన్ ప్రయోగాలకు వాడుతున్నారన్న సంగతి బయటపడినందువల్ల...

ఆచార్యులు: ఆ సంగతి వేరు, ఈ సంగతి వేరు. చిప్ మీది కణజాలం కొన్ని వారాలు బతుకుతుంది, క్యాన్సర్ ముదరడానికి ఏళ్లు పడుతుంది. ఎలుకల పరీక్షే ఒక్కో మోతాదుకు 50 మగ, 50 ఆడ ఎలుకలతో 2 ఏళ్లు సాగుతుంది, ఆపైన ఒక్కొక్క అవయవాన్ని పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. ఆ పని చిప్ చేస్తుందా?

కార్యకర్త: రసాయనం డీఎన్ఏను దెబ్బతీస్తుందో లేదో బ్యాక్టీరియాతో చెప్పే ఏమ్స్ పరీక్ష 1970ల నుంచీ ఉంది. దానికి మానవ కణాల పరీక్షలు కూడా తోడైతే, కోతి దాకా వెళ్లవలసిన రసాయనాలు ఎన్ని మిగులుతాయో ముందు లెక్క...

యాంకర్: క్షమించాలి మేడమ్, సమయం లేదు. ఆచార్యులుగారూ, ఒక్క వాక్యంలో ముగించండి.

ఆచార్యులు: ఒక్క వాక్యం చాలదండీ, ఆ చిట్టెలుక సంగతి పూర్తిగా చెప్పనివ్వండి...

యాంకర్: విరామం తరువాత.