హస్కీల పద్నాలుగు గెలుపులు, ఆ ఒక్క ఓటమి

అందరికీ నమస్కారం. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన అమ్మానాన్నలకి ముందుగా థ్యాంక్స్, ఎందుకంటే ఈ హాల్లో నేను చెప్పేది పూర్తిగా అర్థమయ్యేది ఆ పిల్లలకే. మిగతావాళ్లలో చాలామందికి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ అనగానే కంప్యూటర్ సైన్స్ సీటు టెన్షనే తప్ప అమెరికన్ ఫుట్‌బాల్ గుర్తు రాదని నాకు తెలుసు. 520 బ్రిడ్జి మీద సియాటిల్ వైపు వెళ్తుంటే మాంట్‌లేక్ దగ్గర కుడిచేతి వైపు సరస్సు ఒడ్డున పెద్ద స్టేడియం కనిపిస్తుంది చూడండి, మ్యాచ్ ఉన్న రోజు జనం పడవల్లో కూడా వస్తారు దానికి. 2023లో అక్కడ ఆడిన జట్టు గురించే ఈ సాయంత్రం మాట్లాడదామని.

వాషింగ్టన్ హస్కీలు ఆ సీజన్‌లో వరసగా 14 మ్యాచ్‌లు గెలిచారు. పదిహేనోది జాతీయ చాంపియన్‌షిప్ ఫైనల్, 2024 జనవరి 8న హ్యూస్టన్‌లో. మిషిగన్ చేతిలో 34–13తో ఓడిపోయారు. అంతే కథ. కానీ దీన్ని రెండు రకాలుగా చెప్పేవాళ్లు ఉన్నారు. ఒకరేమో "అన్నీ గెలిచి అసలు మ్యాచ్‌లో చేతులెత్తేశారు" అంటారు, ఇంకొకరు "ఏడాదంతా అదృష్టంతో నెట్టుకొచ్చారు, చివరికి బండారం బయటపడింది" అంటారు. నేను రెండూ ఒప్పుకోను. హ్యూస్టన్‌లో దెబ్బ తగిలిన చోటు అక్టోబర్ నుంచీ అందరికీ కనిపిస్తూనే ఉంది, ఆ లోపాన్ని పెట్టుకునే వీళ్లు పది మ్యాచ్‌లు గెలిచారు, అదే నాకు ఆశ్చర్యం. ఎలాగో చెబుతాను.

రూల్స్ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో. నాలుగు ప్రయత్నాల్లో, వాటినే డౌన్లు అంటారు, బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్లాలి, తీసుకెళితే మళ్లీ నాలుగు దొరుకుతాయి. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు, పైన ఇంకోటి కాలితో కొట్టుకోవచ్చు. అంతదూరం పోలేమనుకుంటే ఉన్నచోటు నుంచే స్తంభాల మధ్యకి తన్నితే ఫీల్డ్ గోల్, మూడు పాయింట్లు. నాలుగో డౌన్‌లో తెగించి ఆడి తప్పిపోతే మాత్రం బంతి అక్కడికక్కడే అవతలివాళ్ల సొంతం. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, చాలాసార్లు వస్తుంది.

2021లో ఇదే జట్టు 4 గెలిచి 8 ఓడింది, సీజన్ మధ్యలోనే కోచ్‌ని పంపించేశారు. తర్వాత వచ్చిన కేలెన్ డెబోర్ మొదటి ఏడాదే 11–2 చేశాడు. ఆయన వెనకాలే ఇండియానా యూనివర్సిటీ నుంచి మైకేల్ పెనిక్స్ జూనియర్ అనే ఎడమచేతి క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు, వచ్చాడు. ఇండియానాలో ఆ కుర్రాడికి నాలుగు సీజన్లూ గాయాలతోనే ముగిశాయి, అందులో రెండుసార్లు అదే కుడి మోకాలు. ఇంకొకడైతే ఆట మానేసి ఉద్యోగం వెతుక్కునేవాడు. ఇతను 2023లో 4,903 గజాలు విసిరి దేశంలోనే మొదటి స్థానంలో నిలిచాడు, దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైజ్‌మన్ ట్రోఫీ ఓటింగులో రెండోవాడయ్యాడు. పట్టేవాళ్లూ అలాంటివాళ్లే దొరికారు, రోమ్ ఒడూంజే, జలిన్ పోక్, జేలెన్ మెక్‌మిలన్. దేశంలో ఉత్తమ ఆఫెన్సివ్ లైన్‌కి ఇచ్చే జో మూర్ అవార్డు కూడా ఆ ఏడాది వీళ్లదే, అంటే పెనిక్స్ దగ్గరికి ఎవడినీ రానివ్వకుండా ముందు గోడ కట్టినవాళ్లది.

మొదటి నాలుగు మ్యాచ్‌లు ఏకపక్షం. బాయిసీ స్టేట్ మీద 56–19, టల్సా మీద 43–10, మిషిగన్ స్టేట్ వాళ్ల ఊళ్లోనే 41–7, బర్క్‌లీ యూనివర్సిటీ జట్టు కాల్ మీద 59–32. ఆ నాలుగింటి తేడా కలిపితే 131 పాయింట్లు. తర్వాతి పది మ్యాచ్‌ల తేడా మొత్తం కలిపితే ఎంతో తెలుసా? 58. ఒక్కదాంట్లోనూ పది పాయింట్లు మించి గెలవలేదు. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు అంటామే, వారం వారం అదే వరస.

అక్టోబర్ 14, సియాటిల్‌లో ఒరెగన్ మ్యాచ్. రెండు నిమిషాల పైచిలుకు టైముంది, ఒరెగన్ 33–29 ముందుంది, బంతి వాళ్ల చేతిలోనే ఉంది, నాలుగో డౌన్, ఇంకో మూడు గజాలు దొరికితే ఆట అయిపోయినట్టే. పంట్ చేసి బంతిని దూరంగా తన్నేయొచ్చు, కానీ ఒరెగన్ కోచ్ తెగించాడు, పాస్ తప్పింది. అంతే, పెనిక్స్ రెండు త్రోలు వేశాడు, పోక్‌కి 35 గజాలు, ఒడూంజేకి 18, టచ్‌డౌన్. ఇంత జరిగాక కూడా ఒరెగన్ మళ్లీ పరిగెత్తుకొచ్చి ఆఖరి క్షణంలో 43 గజాల ఫీల్డ్ గోల్‌తో సమం చేసే అవకాశం తెచ్చుకుంది. తన్నింది పక్కకి పోయింది. 36–33. ఒరెగన్ అభిమానులు ఇప్పటికీ ఆ నాలుగో డౌన్ గురించి వాళ్ల కోచ్‌ని తిడుతుంటారు, నాకైతే అది తప్పు నిర్ణయం అనిపించదు. పెనిక్స్ చేతికి బంతి ఇవ్వాలంటే ఆ రోజుల్లో ఎవరికైనా భయమే.

వారం తిరగ్గానే అరిజోనా స్టేట్. ఆ ఏడాది మొత్తం మీద మూడే మ్యాచ్‌లు గెలిచిన జట్టది. దాని మీద మన ఆఫెన్స్, అంటే బంతి ముందుకు తీసుకెళ్లేవాళ్లు, ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేకపోయింది. నాలుగో క్వార్టర్‌లో, అంటే ఆట చివరి పావు భాగంలో, 7–6తో వాళ్లే ముందున్నారు, పైగా మన గీత దగ్గరికి వచ్చేశారు, నాలుగో డౌన్‌లో తెగించి పాస్ వేశారు. మిషాయెల్ పవల్ దాన్ని మధ్యలో పట్టేసి 89 గజాలు పరిగెత్తాడు. కొంప మునగాల్సిన చోట 15–7తో గట్టెక్కాం. ఆ మరుసటి వారం స్టాన్‌ఫర్డ్, అదీ మూడు గెలుపుల జట్టే, 33 పాయింట్లు చేసింది మన మీద. దాని తర్వాత యూఎస్‌సీ 42 చేసింది, డిలన్ జాన్సన్ ఒక్కడే 256 గజాలు పరిగెత్తి నాలుగు టచ్‌డౌన్లు చేశాడు కాబట్టి 52 చేసి బతికాం.

నేను లోపం అన్నది ఇదే. డిఫెన్స్, అంటే అవతలివాళ్లని ఆపేవాళ్లు, అవసరమైన ఒక్క క్షణంలో అద్భుతంగా ఆడేది, మిగతా ఆటంతా గజాలు ధారపోసేది. అటు ఆఫెన్స్ పూర్తిగా పెనిక్స్ చేతి మీదే ఆధారపడింది.

నవంబర్ 18 శనివారం ఇక్కడున్న కొంతమందికి గుర్తుండే ఉంటుంది. ఆ సాయంత్రం ఒరెగన్‌లోని కార్వాలిస్‌లో వానలో ఒరెగన్ స్టేట్ మీద 22–20తో బయటపడ్డాం. అదే రాత్రి పన్నెండున్నరకి అహ్మదాబాద్‌లో ఇండియా, ఆస్ట్రేలియా ప్రపంచకప్ ఫైనల్. నిద్ర మానుకుని రెండూ చూసినవాళ్లకి తెల్లారేసరికి మిగిలింది సిరాజ్ కన్నీళ్లు. పదికి పది గెలిచిన జట్టు పదకొండోది ఓడిపోయింది. ఫిబ్రవరి దాకా మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ రెండు జట్లనీ ఒకే గాటన కట్టి మాట్లాడారు, "మనకి ఫైనల్స్ కలిసిరావు" అని. నేను మాత్రం ఆ రెంటినీ కలపను. రోహిత్ జట్టు శ్రీలంకని 302 పరుగులతో, సౌతాఫ్రికాని 243 పరుగులతో తొక్కేసింది, వాళ్లకి దగ్గరి మ్యాచ్ అంటే ఏంటో పెద్దగా తెలియకుండానే ఫైనల్ దాకా వచ్చారు. హస్కీలకి దగ్గరి మ్యాచ్ తప్ప వేరేది తెలియదు. ఒకరికి ఓటమి కొత్త, ఇంకొకరు వారం వారం దాని పక్కనుంచే నడుచుకుంటూ వచ్చారు.

ఏపిల్ కప్ గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఏమీ అనుకోకండి. నవంబర్ 25, పక్క జిల్లాలాంటి వాషింగ్టన్ స్టేట్‌తో ఏటా జరిగే మ్యాచ్. ఆ ఏడాది దానికి ఇంకో బరువు కూడా ఉంది. ఆగస్టులోనే వాషింగ్టన్, ఒరెగన్ రెండూ టీవీ డబ్బు కోసం తాము ఆడే లీగ్ పాక్-12 వదిలి బిగ్ టెన్ అనే ఇంకో లీగ్‌లో చేరుతున్నామని ప్రకటించాయి, లీగ్ కూలిపోయింది, వాషింగ్టన్ స్టేట్, ఒరెగన్ స్టేట్ ఇద్దరే వీధిన పడ్డారు. అంటే మన చేత మోసపోయామనుకున్న జట్టు కసితో వచ్చిందన్నమాట. స్కోరు 21–21. టైము ఒక నిమిషం చిల్లర. బంతి మన సొంత 29వ గజం దగ్గర, నాలుగో డౌన్, కావలసింది ఒక్క గజం. ఇక్కడ తప్పిపోతే వాళ్లు ఒక్క అడుగు కూడా వేయకుండా ఫీల్డ్ గోల్ తన్ని గెలవొచ్చు. బుద్ధున్న కోచ్ ఎవడైనా పంట్ చేసి ఓవర్‌టైమ్‌కి పోతాడు. డెబోర్ పోలేదు. అందరూ జాన్సన్ మధ్యలోంచి దూరతాడని అటు ఎగబడితే, బంతి పక్కనుంచి అడ్డంగా పరిగెత్తుతున్న ఒడూంజే చేతికి వెళ్లింది, 23 గజాలు. పాస్‌లు పట్టేవాడికి పరుగు ఇచ్చారు! కాసేపట్లో గ్రేడీ గ్రాస్ 42 గజాల ఫీల్డ్ గోల్ కొట్టాడు, అదే ఆఖరి తన్ను. గ్రాస్ అప్పటిదాకా స్కాలర్‌షిప్ లేకుండా ఆడుతున్న కుర్రాడు, లాకర్ రూమ్‌లో అందరి ముందూ డెబోర్ అతనికి స్కాలర్‌షిప్ ఇచ్చేశాడు. ఫీజు కట్టే తల్లిదండ్రులకి ఆ వీడియో చూస్తే ఏమనిపిస్తుందో నేను చెప్పక్కర్లేదు.

లాస్ వెగాస్‌లో లీగ్ ఫైనల్, మళ్లీ ఒరెగన్, మళ్లీ మూడు పాయింట్లే, 34–31. జనవరి 1న న్యూ ఆర్లియన్స్‌లో సెమీఫైనల్, టెక్సస్ మీద పెనిక్స్ 38 త్రోల్లో 29 చేర్చి 430 గజాలు చేశాడు, అంత గొప్పగా ఆడిన రాత్రి కూడా చివరి నిమిషంలో జాన్సన్ కాలు మెలికపడి కింద పడిపోవడంతో గడియారం ఆగి టెక్సస్‌కి ప్రాణం లేచొచ్చింది. చివరి సెకనులో మూలకి వేసిన పాస్‌ని ఎలైజా జాక్సన్ చేత్తో తట్టేశాడు. 37–31. బతుకుజీవుడా అనుకున్నాం.

సరే, హ్యూస్టన్. మిషిగన్ మొదటి క్వార్టర్‌లోనే డోనవన్ ఎడ్వర్డ్స్ చేత 41 గజాలు ఒకసారి, 46 గజాలు ఒకసారి పరిగెత్తించి రెండు టచ్‌డౌన్లు చేసేసింది. ఆ రాత్రి మొత్తం వాళ్లు పరుగుల మీదే 303 గజాలు సాధించారు, మన పరుగులు 46. నొప్పి కాలితో జాన్సన్ ఏం పరిగెత్తుతాడు? పరుగు లేదని తెలిశాక మిషిగన్ డిఫెన్స్‌కి పని తేలికైంది, పొడవు బంతులకి దారి మూసేసి చిన్న పాసులు మాత్రం వదిలింది. పెనిక్స్ 51 త్రోలు వేసి 255 గజాలు చేశాడు. లెక్క వేసుకోండి, త్రోకి సరిగ్గా ఐదు గజాలు. వారం ముందు టెక్సస్ మీద అదే చెయ్యి త్రోకి పదకొండు గజాల పైన చేసింది. రెండో క్వార్టర్‌లో ఒడూంజే చుట్టుపక్కల ఎవరూ లేకుండా ఒంటరిగా దొరికాడు, ఏడాదంతా కళ్లు మూసుకుని వేసిన బంతి అది, ఆ ఒక్కటీ గురి తప్పింది.

అయినా 34–13 అనే స్కోరు చూసి చిత్తుగా ఓడారని అనుకోకండి. మూడు క్వార్టర్లు ముగిసేసరికి 20–13. ఒక్క టచ్‌డౌన్ తేడా. ఆటలో ఏడు నిమిషాలు చిల్లర మిగిలి ఉండగా బ్లేక్ కోరమ్ గీత దాటేదాకా అదే తేడా. అంటే ఇదీ ఆ పది మ్యాచ్‌ల లాంటిదే, పదకొండోది, చివరిదాకా లాక్కొచ్చారు. అరిజోనా స్టేట్ రోజు పవల్ పట్టిన బంతి లాంటిది ఈసారి అవతలివాళ్లు పట్టారు, మైక్ సైన్‌రిస్టిల్ 81 గజాలు పరిగెత్తాడు, ఆ దెబ్బకి 34 అయింది. మిషిగన్ మీద ఆ ఏడాది సైగల దొంగతనం గొడవ, అంటే అవతలి జట్టు సైగల్ని అక్రమంగా తెలుసుకున్నారన్న ఆరోపణ, నడిచింది, కోచ్ హార్బా లీగ్ చివరి మూడు మ్యాచ్‌లకి సస్పెండ్ అయ్యాడు, అది నిజమే. కానీ ఆ రాత్రి 303 గజాలు సైగలు చూసి పరిగెత్తినవి కావు. వాళ్ల ముందు వరస మన ముందు వరసని తోసేసింది.

నాకు బాధ కలిగించింది ఆ సోమవారం కాదు. బుధవారం అలబామా కోచ్ నిక్ సేబన్ రిటైర్ అయ్యాడు, శుక్రవారానికల్లా డెబోర్ అలబామా వెళ్లిపోయాడు. ఇక్కడ 25 గెలిచి 3 ఓడిన మనిషి! ఆదివారానికి అరిజోనా నుంచి కొత్త కోచ్ జెడ్ ఫిష్ వచ్చేశాడు. కొందరు ఆటగాళ్లు వేరే కాలేజీలకి సర్దుకున్నారు, ఏప్రిల్‌లో పది మందిని ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ జట్లు తీసుకున్నాయి, ఆ ఎంపిక వరసలో పెనిక్స్ ఎనిమిదో నంబరు, ఒడూంజే తొమ్మిదో నంబరు. ఆడిన లీగ్ కూడా పోయింది. ఓడిన జట్టుకి "వచ్చే ఏడాది చూద్దాం" అనుకునే హక్కుంటుంది కదా, వీళ్లకి అది కూడా వారం రోజుల్లో పోయింది.

2024లో 6 గెలిచి 7 ఓడారు. అందులో ఒకటి అక్టోబర్ 5న ఇక్కడే మిషిగన్ మీద 27–17. పగ తీరిందని చాలామంది పండగ చేసుకున్నారు, నాకు మాత్రం అలా అనిపించలేదు, ఇటు పెనిక్స్ లేడు, డెబోర్ లేడు, అటు కోరమ్ లేడు, హార్బా లేడు, రెండు రంగుల జెర్సీలు తప్ప పాతవాళ్లెవరూ పెద్దగా లేరు.

ఏం చూడమంటారని ఇందాక బయట ఒక బాబాయ్ గారు అడిగారు. ఒరెగన్‌తో సియాటిల్ మ్యాచ్ పూర్తిగా చూడండి, ఏపిల్ కప్ చివరి రెండు నిమిషాలు చూడండి, ఫైనల్లో మాత్రం కోరమ్ టచ్‌డౌన్ దాకా చూసి ఆపేయొచ్చు. ఇక ప్రశ్నలుంటే అడగండి, పిల్లలు ముందు.