బంతి పట్టాక ఏం చేశాడు: జెర్రీ రైస్ గురించి

అందరికీ నమస్కారం. శనివారం సాయంత్రం పిల్లల క్లాసులు, ఇంటి పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషంగా ఉంది. మనలో చాలామంది శాంటా క్లారాలో లీవైస్ స్టేడియం పక్కనుంచే రోజూ ఆఫీసుకి వెళ్తాం, మ్యాచ్ ఉన్న ఆదివారం ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాం, సోమవారం పొద్దున ఆఫీసులో అందరూ ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ టీము ఫార్టీనైనర్స్ గురించి మాట్లాడుకుంటుంటే ఏమీ అర్థం కాక నవ్వి ఊరుకుంటాం. నేనూ కొన్నేళ్ళు అలాగే ఊరుకున్నాను. తర్వాత ఒకే ఒక్క ఆటగాడి పాత మ్యాచ్‌లు చూస్తూ చూస్తూ ఈ ఆట నేర్చుకున్నాను. అతనే జెర్రీ రైస్. ఆటంతా వివరించాలంటే ఈ సాయంత్రం సరిపోదు కాబట్టి ఈ ఒక్క మనిషి గురించే చెప్తాను.

ముందు ఒక లెక్క. వైడ్ రిసీవర్ అంటే వరుసకి దూరంగా చివర నిలబడి, ఆట మొదలవగానే పరిగెత్తి, క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతి పట్టుకునేవాడు. అలా పట్టి ఎంత దూరం తీసుకెళ్ళాడో గజాల్లో లెక్క కడతారు. ఏడాదికి వెయ్యి గజాలు దాటితే మంచి రిసీవర్ అంటారు. రైస్ కెరీర్ మొత్తం 22,895 గజాలు. రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జెరాల్డ్‌వి 17,492. ఫిట్జెరాల్డ్ కూడా మామూలు ఆటగాడు కాదు, పదిహేడేళ్ళు ఆడాడు. అతనే రిటైర్‌మెంట్ మానుకుని మళ్ళీ వచ్చి ఏడాదికి వెయ్యి చొప్పున ఇంకో ఐదేళ్ళు ఆడినా, రైస్‌కి ఇంకా నాలుగు వందల గజాల వెనకే ఉంటాడు. నేను మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు తప్పు వేశానేమోనని మళ్ళీ వేశాను.

ఇంకో విషయం ఏమిటంటే, రైస్ అందరికంటే వేగంగా పరిగెత్తేవాడు కాదు. నలభై గజాల పరుగులో అతని టైమ్ చూసి చాలా టీములు పెదవి విరిచాయి. మరి అన్ని గజాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

మిసిసిపీలో క్రాఫర్డ్ అని కొన్ని వందల మంది ఉండే చిన్న ఊరు. నాన్న తాపీ మేస్త్రి, ఇంట్లో ఎనిమిది మంది పిల్లలు. వేసవిలో పిల్లలు నాన్నతో పాటు పనికి వెళ్ళేవాళ్ళు. జెర్రీ పరంజా మీద నిలబడితే కింద నుంచి అన్నదమ్ములు ఇటుకలు విసిరేవాళ్ళు, అవి పట్టి నాన్నకి అందించాలి. మన ఊళ్ళలో ఇల్లు కట్టేచోట కూలీలు ఇటుకలు ఇలా పైకి విసిరి అందించుకోవడం మీరు చూసే ఉంటారు. ఇటుకని చెయ్యి బిగించి ఎదురొడ్డి పడితే అరచెయ్యి చీరుకుపోతుంది, వచ్చే వేగంతో పాటు చెయ్యి కాస్త వెనక్కి తీసుకుంటూ పట్టాలి. అమెరికాలో రైస్ గురించి ఎవరు మాట్లాడినా ముందు ఈ ఇటుకల కథే చెప్తారు. నిజమే, కానీ అక్కడితో ఆపేస్తారు, అదే నాకు నచ్చదు. ఇటుకలు పట్టినవాళ్ళు మిసిసిపీలో వేలమంది ఉన్నారు కదా.

హైస్కూల్లో ఒకరోజు క్లాసు ఎగ్గొట్టి తిరుగుతుంటే వెనక నుంచి వైస్ ప్రిన్సిపాల్ వచ్చారు. కుర్రాడు ఉలిక్కిపడి ఒకటే పరుగు. ఆయన శిక్ష అయితే వేశారు గానీ, ఆ పరుగు గురించి ఫుట్‌బాల్ కోచ్ చెవిన కూడా వేశారు. అలా టీములోకి వచ్చాడు.

తర్వాత కాలేజీ. పెద్ద యూనివర్సిటీలు పట్టించుకోలేదు. మనస్ఫూర్తిగా పిలిచింది ఇట్టా బీనా అనే ఊళ్ళో మిసిసిపీ వ్యాలీ స్టేట్, నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన చిన్న కాలేజీ. 1981లో చేరాడు. పాపం, పెద్ద కాలేజీలో సీటు రాక చిన్నదాంట్లో చేరాడు అన్నట్టు చాలామంది చెప్తారు, నేను దానికి అస్సలు ఒప్పుకోను. ఆ రోజుల్లో దక్షిణాదిలో చాలా పెద్ద కాలేజీలు బంతి విసరడం కంటే చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటే ఎక్కువ ఆడేవి. అలాంటి చోట రిసీవర్‌కి మ్యాచ్ మొత్తంలో రెండు మూడు బంతులు వస్తే గొప్ప. వ్యాలీలో కోచ్ ఆర్చీ కూలీ పద్ధతి పూర్తిగా వేరు. నలుగురైదుగురు రిసీవర్లని నిలబెట్టి, మధ్యలో ఆగి గుమిగూడి మాట్లాడుకోవడం కూడా మానేసి, ఆటంతా బంతులు విసిరించేవాడు. విసిరేది విల్లీ టాటెన్, పట్టేది రైస్. నాలుగేళ్ళలో 301 బంతులు, 4,693 గజాలు. చివరి రెండేళ్ళూ ఏడాదికి వందకు పైనే పట్టాడు, 1984 ఒక్క ఏడాదే 27 సార్లు బంతిని ఎదుటివాళ్ళ చివరి గీత దాటించాడు, దాన్నే టచ్‌డౌన్ అంటారు. పెద్ద కాలేజీకి వెళ్ళి ఉంటే ఇందులో సగం బంతులైనా చేతికి వచ్చేవా? ఆ కాలేజీ స్టేడియానికి ఇవాళ రైస్–టాటెన్ స్టేడియం అని పేరు. టాటెన్ పేరు కూడా పెట్టారు చూడండి, అది నాకు చాలా నచ్చిన విషయం.

1985 డ్రాఫ్ట్‌లో, అంటే టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే చోట, రైస్ కంటే ముందు ఇద్దరు రిసీవర్లు వెళ్ళిపోయారు, పదో ఎంపికలో అల్ టూన్, పదమూడులో ఎడ్డీ బ్రౌన్. ఫార్టీనైనర్స్ అప్పుడే లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచారు కాబట్టి వాళ్ళ వంతు మొదటి రౌండ్ చివర్లో వస్తుంది. కోచ్ బిల్ వాల్ష్ అంతవరకు ఆగలేక, తమ మొదటి రెండు రౌండ్ల ఎంపికలూ న్యూ ఇంగ్లండ్ టీముకి ఇచ్చేసి పదహారో స్థానానికి వచ్చి రైస్‌ని తీసుకున్నాడు.

మొదటి ఏడాది ఏమైందో తెలుసా? బంతులు జారవిడిచాడు. ఒకటి కాదు, రెండు కాదు. ఇటుకలు పట్టిన ఆ చేతుల్లోంచే. సొంత స్టేడియం క్యాండిల్‌స్టిక్‌లో సొంత జనమే గోల చేశారు. వాల్ష్ ప్లేబుక్, అంటే ఎవరు ఎటు పరిగెత్తాలో రాసిన పుస్తకం, అంత తేలిగ్గా బుర్రకెక్కేది కాదు, ఎటు తిరగాలా అని తల ఆలోచిస్తుంటే చేతులు బంతి దగ్గర ఉండవు. మన పిల్లలకి పరీక్ష హాల్లో టెన్షన్‌తో వచ్చిన జవాబే మర్చిపోయినట్టు. డిసెంబర్‌కి సర్దుకున్నాడు, ర్యామ్స్ మీద ఒక్క రాత్రి 241 గజాలు.

అయినా అయిపోలేదు. మరుసటి సీజన్లో 1,570 గజాలతో లీగ్‌కే మొదటివాడయ్యాడు, ప్లేఆఫ్‌లో న్యూయార్క్ జెయింట్స్‌తో మ్యాచ్ వచ్చింది. ఆట మొదట్లోనే, ఇంకా స్కోరు లేదు, క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా విసిరిన బంతి పట్టుకుని అందర్నీ దాటేశాడు. ముందు ఖాళీ మైదానం, పక్కన ఎవరూ లేరు, ఎవరూ తాకలేదు. బంతి చేతిలోంచి జారి ముందుకి దొర్లింది, జెయింట్స్ పట్టేసుకున్నారు. ఆ మ్యాచ్ 49–3తో ఓడిపోయారు. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు కడుపులో ఎలాగో అవుతుంది. మరుసటి ఏడాది 1987లో ఆటగాళ్ళ సమ్మె వల్ల అతను ఆడింది పన్నెండు మ్యాచ్‌లే, వాటిలోనే 22 టచ్‌డౌన్లు పట్టాడు. ఇరవై ఏళ్ళ తర్వాత రాండీ మాస్ 23 పట్టి ఆ రికార్డు దాటాడు, కానీ అతనికి పదహారు మ్యాచ్‌లు పట్టింది.

ఇప్పుడు అసలు విషయం. స్లాంట్ అని ఒక చిన్న దారి ఉంటుంది: రిసీవర్ రెండు మూడు అడుగులు నేరుగా వేసి, టక్కున లోపలికి ఏటవాలుగా తిరుగుతాడు, బంతి అక్కడికి వస్తుంది, ఐదారు గజాల ఆట అంతే. ఎదురుగా ఉన్నవాడు రిసీవర్ ఎటు తిరుగుతాడా అని చూస్తుంటాడు. కబడ్డీలో కూతకొచ్చినవాడి నడుం ఎటు తిరుగుతుందో చూసి పట్టేవాళ్ళు కదిలినట్టే ఇక్కడా. మామూలు రిసీవర్ తిరిగే ముందు కొద్దిగా వేగం తగ్గిస్తాడు, అక్కడే దొరికిపోతాడు. రైస్ తగ్గించడు. వచ్చిన వేగంతోనే తిరుగుతాడు, బంతి చేతిలో పడేసరికి రెండు అడుగుల ఖాళీ దొరుకుతుంది, ఆ రెండు అడుగుల్లోంచి ఐదు గజాల ఆట అరవై గజాలు అవుతుంది. 22,895 గజాలు ఎక్కణ్ణుంచి వచ్చాయని అడిగాను కదా, వాటిలో పెద్ద వాటా ఇలా బంతి పట్టాక పరిగెత్తినదే. దానికి సాధన ఎలా చేసేవాడంటే, ప్రాక్టీసులో ఎంత చిన్న బంతి పట్టినా, అడ్డుకునేవాడు లేకపోయినా, మైదానం చివర ఉండే ఎండ్ జోన్ దాకా పరిగెత్తేవాడు. మిగతావాళ్ళు పట్టి, బంతి వెనక్కి ఇచ్చేసి, నడుచుకుంటూ వచ్చేవాళ్ళు. ఇతను ప్రతిసారీ చివరిదాకా.

1989 జనవరి, మయామీలో సిన్సినాటీతో సూపర్ బౌల్. చీలమండ నొప్పితో ఆడి 11 బంతులు, 215 గజాలు, మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్. చివర్లో 16–13తో వెనకబడి, 92 గజాలు వెళ్ళాలి, మూడు నిమిషాలే ఉన్నాయి. ఆ ప్రయాణంలో రైస్ మూడు బంతులు పట్టి సగానికి పైగా దూరం లాగాడు. కానీ గెలిపించిన టచ్‌డౌన్ జాన్ టేలర్‌ది, అతనూ డెలావేర్ స్టేట్ అనే నల్లజాతి కాలేజీ కుర్రాడే. ఆ ఒక్క ఆటలో రైస్ పని, ఎదుటివాళ్ళ కళ్ళు తనవైపు లాక్కోవడం. అన్నట్టు, ఆ రోజు ఎదుటి టీములో రిసీవర్ ఎవరో కాదు, డ్రాఫ్ట్‌లో అతని కంటే ముందు వెళ్ళిన ఎడ్డీ బ్రౌన్.

ఆ తర్వాత ఇంకో రెండు సూపర్ బౌల్ విజయాలు, ఒక్కోదాంట్లో మూడేసి టచ్‌డౌన్లు. 1994 సెప్టెంబర్లో పాతకాలపు మేటి ఆటగాడు జిమ్ బ్రౌన్ పేరు మీదున్న 126 టచ్‌డౌన్ల రికార్డు దాటాడు. 1997లో మొదటి మ్యాచ్‌లోనే మోకాలి లిగమెంట్లు తెగాయి. అందరూ ఇక ఈ సీజన్‌కి ఇంతే అన్నారు. డిసెంబర్ 15న, మోంటానా జెర్సీ నంబర్‌ని ఇక ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టిన రాత్రి, తిరిగొచ్చి టచ్‌డౌన్ పట్టాడు, పడినప్పుడు మోకాలిచిప్ప పగిలింది. తొందరపడ్డాడని నా అభిప్రాయం. ఆ రాత్రి ఆడి ఉండాల్సింది కాదు. కానీ మరుసటి ఏడాదీ ఆడాడు, ఆ పై ఏడాదీ ఆడాడు. తర్వాత ఓక్‌లండ్ రైడర్స్‌కి వెళ్ళి, నలభై ఏళ్ళ వయసులో 92 బంతులు పట్టాడు, సూపర్ బౌల్ దాకా వెళ్ళాడు, అక్కడ టంపా బే చేతిలో ఓడినా ఒక టచ్‌డౌన్ అతనిది. వరుసగా 274 మ్యాచ్‌ల్లో కనీసం ఒక్క బంతైనా పట్టినవాడికి 2004లో ఒక రోజు ఒక్కటీ అందలేదు. ఆ సీజన్ సియాటెల్‌లో ముగించి, మరుసటి వేసవి డెన్వర్ క్యాంపులో ముందు వరుసలో చోటు లేదని తెలిశాక ఆపేశాడు. 2010లో హాల్ ఆఫ్ ఫేమ్.

అతను ఆఫ్ సీజన్లో తన టీములోని రోజర్ క్రెయిగ్‌తో కలిసి పరిగెత్తిన కొండదారి మనకి దగ్గర్లోనే ఉంది, 280 హైవే పక్కన ఎడ్జ్‌వుడ్ పార్క్‌లో. రెండున్నర మైళ్ళ ఎక్కుడు, చివర్లో మరీ నిటారుగా ఉంటుంది. పోయిన మార్చిలో మా అబ్బాయితో వెళ్ళాను. గడ్డి నిండా పూలు, ఓక్ చెట్ల కింద ఇంకా తడి. చివరి మలుపు దగ్గర నేను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆగిపోతే, వాడు పైకి చూసి, "నాన్నా, ఆయన ఇక్కడ ఆగేవాడు కాదు కదా?" అన్నాడు. అవును, ఇక్కడే వేగం పెంచేవాడట అని చెప్పాను. వచ్చే శనివారం పొద్దున ఏడింటికి మళ్ళీ వెళ్తున్నాం, రావాలనుకునేవాళ్ళు ఇప్పుడే పేరు చెప్పండి.