రే నగరపు రాజీ, మన కోర్టు రాజీ

సభకు నమస్కారం.

ఈ రోజు నేను ఒకే ఒక్క పేరు గురించి మాట్లాడతాను. ఇరాన్‌లో ఇంటిపేరుగా, ఊరిపేరుగా, కెర్మాన్‌షా నగరంలోని విశ్వవిద్యాలయం పేరుగా వినిపించే ఆ పేరు 'రాజీ'. చెవికి ఒకటే అయినా కాగితం మీద అది రెండు వేర్వేరు మాటలు, వాటి పుట్టుకలకు ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. మొదటిదాన్ని 'జే' అనే అక్షరంతో రాస్తారు: కొడవలిలా వంగిన చిన్న గీత, దాని నెత్తిన ఒక చుక్క. రెండోదాన్ని అరబీ నుంచి వచ్చిన 'జాద్' అక్షరంతో రాస్తారు: అడ్డంగా సాగిన మెలిక, దాని పక్కన చిన్న పన్ను, పైన ఒక చుక్క. ఇరానీయుల నోట ఈ రెండక్షరాలూ ఒకే విధంగా పలుకుతాయి కాబట్టి, ఆ పేరు ఎవరిదో, ఎక్కడిదో తెలుసుకోవాలంటే రాతను కళ్లతో చూడవలసిందే.

ముందు 'జే'తో రాసే రాజీ సంగతి చూద్దాం. దాని అర్థం 'రే నగరానికి చెందినవాడు' అని. రే ఇప్పుడు టెహ్రాన్ మహానగరపు దక్షిణపు కొసలో కలిసిపోయింది, మెట్రో రైలెక్కి వెళ్లవచ్చు. కానీ టెహ్రాన్ ఒక పల్లెగా ఉన్న కాలంలో రే మహా పట్టణం. డేరియస్ చక్రవర్తి బిసుతూన్ కొండ మీద చెక్కించిన శాసనంలో ఈ ప్రాంతం 'రగా' అన్న పేరుతో కనిపిస్తుంది. అబ్బాసీ ఖలీఫా హారూన్ అల్ రషీద్ పుట్టింది ఇక్కడే. 1220 ప్రాంతంలో మంగోలు సేనలు ఆ నగరాన్ని నేలమట్టం చేశాక అది మళ్లీ మునుపటి దశకు రాలేదు. 12వ శతాబ్దంలో కట్టిన తుగ్రుల్ బురుజు మాత్రం, చీర కుచ్చిళ్లలాంటి ఇటుక మడతలతో, ఇరవై మీటర్ల ఎత్తున ఈనాటికీ నిలిచి ఉంది.

రే నుంచి 'రాజీ' ఎలా వచ్చిందన్నది సహజంగా పుట్టే ప్రశ్న. ఊరిపేరు చివర 'ఈ' చేర్చడం పారసీకపు మామూలు పద్ధతి: షీరాజ్ వాడు షీరాజీ, తబ్రీజ్ వాడు తబ్రీజీ. ఆ లెక్కన రే వాడు 'రేయీ' కావాలి. కానీ ఆ మధ్యలో ఒక 'జ' వచ్చి చేరింది. మర్వ్ నగరవాసిని మర్వజీ అన్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఇది పాత ఇరానీ భాషా దశలో ఉండి, ఆధునిక భాషలో ఒకటి రెండు ఊర్ల పేర్లలో మాత్రమే మిగిలిపోయిన రూపం. మనకు ఇందులో వింత ఏమీ ఉండనక్కరలేదు. కొండవీడు ఇంటిపేరుగా మారితే 'కొండవీటి' అవుతుంది, వేమూరు 'వేమూరి' అవుతుంది. తెలుగు ఇంటిపేరు ఔపవిభక్తికంలో, అంటే విభక్తి చేరేముందు మాట చివర మారే రూపంలో, దాచుకున్న మార్పు లాంటిదే పారసీకం ఈ 'జ'లో దాచుకుంది. వ్యాకరణం మరుగున పడిన తరువాత జనం దానికి ఒక కథ అల్లారు: రే, రాజ్ అనే ఇద్దరు రాకుమారులు కలిసి నగరం కట్టి పేరు దగ్గర పోట్లాడుకున్నారని, పెద్దలు తీర్పు చెప్పి ఊరికి ఒకరి పేరు, ఊరి జనానికి మరొకరి పేరు పెట్టారని. ఇది చరిత్ర కాదు. కానీ తెగని తగవుకు ఇద్దరికీ చెరి సగం ఇచ్చి ముగించిన ఆ కథ నాకు ఎంతో ఇష్టం.

ఇలాంటి మాటల కూడలి అయిన పారసీక నిఘంటువుల్లో ఎన్నదగిన 'బుర్హానె కాతె' తయారైంది ఇరాన్‌లో కాదు, మన గోల్కొండ రాజ్యంలో. తబ్రీజ్ మూలాలున్న మహమ్మద్ హుసేన్ దాన్ని 1652 ప్రాంతంలో పూర్తి చేసి అబ్దుల్లా కుతుబ్‌షాకు అంకితమిచ్చాడు. పారసీకపు పేర్ల చర్చ మన గడ్డకు కొత్తది కాదని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను.

రే నగరం పేరు మోసినవారిలో అందరికంటె ప్రసిద్ధుడు వైద్యుడు మహమ్మద్ ఇబ్న్ జకరియా రాజీ. సుమారు 865 నుంచి 925 వరకు జీవించిన ఆయన మశూచికి, తట్టుకు తేడా వివరిస్తూ గ్రంథం రాశాడు. ఆయన మహాసంకలనం 'అల్ హావీ'ని 1279లో సిసిలీలో ఫరజ్ ఇబ్న్ సాలిం లాటిన్‌లోకి అనువదించాడు. యూరప్ వైద్యులు ఆయనను 'రాజెస్', 'రాసిస్' అని పిలిచారు. ఇక్కడే చిక్కు మొదలవుతుంది. స్పెయిన్‌లో 'రాసిస్' అంటే మరొకాయన కూడా ఉన్నాడు: కొర్దోవా చరిత్రకారుడు అహ్మద్ అల్ రాజీ. ఆయన తండ్రి రే నుంచి వచ్చిన వర్తకుడు, ఆయన మాత్రం కొర్దోవాలోనే పుట్టి పెరిగాడు. ఆ ఇంట రే ఒక జ్ఞాపకంగా, ఒక విశేషణంగా మాత్రమే మిగిలింది.

వైద్యుడితో తన ఊళ్లోనే వాదానికి దిగిన ఇస్మాయిలీ (షియా ముస్లింలలో ఒక శాఖ) పండితుడు కూడా రాజీయే. ఆయన అబూ హాతిం రాజీ. ఆ వాదాన్ని గ్రంథస్థం చేసినప్పుడు ప్రతివాది పేరు చెప్పకుండా 'నాస్తికుడు' అని మాత్రమే రాశాడు, ఆయన ఎవరో తరువాతివారు చెప్పవలసి వచ్చింది. 1210 ప్రాంతంలో హెరాత్‌లో కన్నుమూసిన ఖురాన్ వ్యాఖ్యాత ఫక్రుద్దీన్ రాజీ ఇంకొకరు. వీరందరూ చుట్టాలు కారు. తెలుగులో ఎవరైనా 'రాజీ అన్నాడు' అని ఊరకే రాస్తే, నాస్తికుడన్న నింద మోసిన వైద్యుడి మాటను ఖురాన్ వ్యాఖ్యాత నోట పెట్టే ప్రమాదం ఉంది.

ఇప్పుడు రెండో రాజీకి వద్దాం. అది 'జాద్'తో రాసేది, దాని అర్థం సమ్మతించినవాడు, సంతృప్తుడు. దీనితో మనకు మరీ దగ్గరి చుట్టరికం ఉంది. మనం రోజూ వాడే 'రాజీ' ఇదే. కోర్టు మెట్ల మీద రెండు పక్షాలు రాజీకి వచ్చాయన్నప్పుడు మన నోట పలికేది ఈ అరబీ మాట. రే నగరంతో దానికి పని లేదు. తెలుగు లిపిలో 'జే', 'జాద్' రెండూ 'జ'లో కలిసిపోయాయి. రోజు, దర్జీ, బజారు 'జే' నుంచి వచ్చాయి. అర్జీ, జిల్లా, జామీను 'జాద్' నుంచి వచ్చాయి. తెలుగు రాతలో ఆ జాడ మిగలలేదు.

ఈ మాట సంతానంలో ఎక్కువ దూరం నడిచింది 'రాజీనామా'. మూలార్థం 'సమ్మతి పత్రం'. ఉర్దూలో ఇప్పటికీ అది రాజీ ఒప్పందమే, ఉద్యోగం వదులుకోవడాన్ని వారు 'ఇస్తీఫా' అంటారు. తెలుగులో, కన్నడంలో, మరాఠీలో మాత్రం పదవి వదులుకోవడమే రాజీనామా. బొంబాయి రాష్ట్రపు పాత భూమి శిస్తు పద్ధతిలో రైతు తన పొలాన్ని వదులుకుంటున్నట్టు రాసిచ్చే కాగితాన్ని రాజీనామా అనేవారు, దాన్ని చేపట్టే కొత్త రైతు కబూలియత్, అంటే ఒప్పుకోలు పత్రం, రాసిచ్చేవాడు. 'ఈ నేల మీద నాకు హక్కు వద్దు, ఇది నాకు సమ్మతమే' అన్న ఆ వాక్యంలోనే పొలం వదలడం నుంచి కుర్చీ వదలడం దాకా దారి ఉందని నా అభిప్రాయం.

అదే ధాతువు నుంచి వచ్చిన 'రజా' అనే మాటకు ఇష్టం, అనుమతి అని అర్థం. కన్నడంలో సెలవును 'రజె' అనడం అందుకే. స్వచ్ఛందంగా పనిచేసేవాడు అన్న అర్థంలో పుట్టిన 'రజాకారు' కూడా ఈ ఇంటి మాటే. తెలంగాణ పల్లెల్లో 1947, 48 సంవత్సరాలు చూసినవారికి ఆ మాటతో గుర్తుకొచ్చేది తగలబడ్డ ఇళ్లూ, పొలాల్లో తలదాచుకున్న రాత్రులూ. ఇష్టమన్న మాట భయానికి పేరు కావడం ఆ మాట తప్పు కాదు, ఆ పేరు పెట్టుకుని మనుషులు చేసిన పని తప్పు.

ఊర్ల పేర్లలోనూ ఈ చిక్కే ఉంది. అర్దబీల్ రాష్ట్రంలోని చిన్న పట్టణం 'రజీ'ని 'జాద్'తో రాస్తారు. టర్కీ సరిహద్దులో రైలు దాటే 'రాజీ'ని 'జే'తో రాస్తారు. ఈశాన్యాన తుర్క్‌మెనిస్తాన్ వైపు 'రాజ్' అనే మరో పట్టణం ఉంది, మామూలు సూత్రం ప్రకారం అక్కడి మనిషి కూడా రాజీయే అవుతాడు, రే నగరాన్ని ఎన్నడూ చూడకపోయినా సరే. ఇరాన్‌లో 1925 చట్టంతో ఇంటిపేరు తప్పనిసరి అయింది కాబట్టి, ఆ పేరున్న కుటుంబం పూర్వులు ఆ రోజుల్లో ఊరిని తలచుకున్నారో, వైద్యుణ్ణి తలచుకున్నారో పేరు ఒక్కదానితో చెప్పలేము.

అందువల్ల అనువాదకులకు, నిఘంటుకారులకు, గ్రంథాలయ సూచికలు రాసేవారికి నా మనవి ఒక్కటే. తెలుగులో ఈ పేరు మొదటిసారి వచ్చిన చోట పక్కనే మూలం చెప్పండి. 'రే నగరవాసి, వైద్యుడు జకరియా రాజీ' అనండి. 'జాద్'తో రాసే పేరైతే ఆ సంగతీ అక్కడే చెప్పండి. అచ్చులో ఒక పంక్తి పెరుగుతుంది, చదివేవారికి మాత్రం మన లిపి కలిపేసిన రెండక్షరాలు మళ్లీ వేరుగా కనిపిస్తాయి.